వెనకచెయ్యి

రేకుకి ఇవతల సుత్తి ఆయనది.
అవతల దిమ్మ నాది.

సొట్ట తియ్యడమంటే కొట్టడమే అనుకున్నాను
మలికిపురం నించి ఆ పాత టాటా బండిని
తాడు కట్టి లాక్కొచ్చిన రోజున.
కాదంట.
వెనకాల ఒకరు బరువు ఆనించి పట్టుకోకపోతే
ఇటు సొట్ట అటు బొడిపె అవుతుందంట, అంతే.
అందుకని తలుపు కడుపులోకి మోచేతిదాకా దూర్చి
రైలుపట్టా ముక్క అరచేతిలో పెట్టుకుని
కనపడని దెబ్బ కోసం కాసుక్కూచున్నాను.
"కింద. ఇంకాస్త కింద. ఆఁ, అక్కడే."
దెబ్బ పడితే ముందు పళ్ళకి తెలుస్తుంది,
తర్వాత చెవికి.

పదకొండేళ్ళు రొయ్యలు మోసిన బండి.
ఐసు కరిగిన నీళ్ళు, చెరువు ఉప్పు,
అంతర్వేది వైపు నించి వచ్చే గాలి
మూడూ కలిసి నేలరేకుని అప్పడం చేసేశాయి.
పైకెక్కి చూస్తే కన్నంలోంచి మా దొడ్డి కనపడింది,
దొడ్డిలో మా కోడి.
అది తలెత్తి నన్ను చూసింది.

కొత్త రేకు ధర అడిగొచ్చిన రాత్రి
అన్నం సగంలో లేచాడు ఏసోబు.
మర్నాడు సఖినేటిపల్లి రేవులో
విప్పేస్తున్న పాత పంటు దగ్గరికెళ్ళి
దాని నేల తూకానికి కొనుక్కొచ్చాడు.
గింజలు తేలిన మందపు రేకు.
ఏరు దాటడానికి ఎన్ని బళ్ళు ఎక్కి దిగాయో దాని మీద,
ఎన్ని పెళ్ళి వ్యానులు, ఎన్ని గడ్డిమోపులు.
ఇప్పుడదే బండెక్కింది.

ఆకారం దగ్గర మాకు మాట తేడా వచ్చింది.
పక్కబల్లలు నావ అంచులా వంపు తిరగాలంటాడు,
ముందు చక్రం మీద రేకు కొంగమెడలా లేవాలంటాడు.
సుద్దముక్కతో అరుగు నిండా గీశాడు.
వంపు సరే, వాలేదీ? అన్నాను.
నీరు నిలిస్తే మళ్ళీ తుప్పే.
బోదె తవ్వేటప్పుడు చూసుకుంటావు గదా,
అలాగే బెత్తెడు వాలు వెనక్కి పెట్టు, మూల కన్నం పెట్టు.
మూడు రోజులు మాటల్లేవు.
నాలుగోనాడు చెంబెడు నీళ్ళు పోసి చూశాడు.
పోసిన నీళ్ళన్నీ జారి నా కాళ్ళ దగ్గరికొచ్చాయి.
ఆయనేమీ అనలేదు. నేనూ అనలేదు.

గరుకు కాగితంతో రుద్దుతుంటే
తెలుపు కింద నీలం, నీలం కింద పచ్చ,
పచ్చ కింద ఎవరో చేత్తో రాయించుకున్న అక్షరాలు:
మాణిక్యం బ్రదర్స్.
ముందున్న పేరు అప్పటికే నా వేళ్ళ కింద పొడైపోయింది.
ఆ అన్నదమ్ములు కలిసే ఉన్నారో లేదో.
కాసేపు ఆపాను.
తర్వాత అదీ రుద్దేశాను, లప్పం అంటాలి గదా.

మంచు ఆరాక, గాలి లేవకముందు,
రంగుకి మా ఊళ్ళో ఆ గంటన్నరే.
తేమ ఉంటే తెల్లబోతుంది, గాలి ఉంటే దుమ్ము వాలుతుంది.
దొడ్డంతా కళ్ళాపి జల్లాను.
కొబ్బరిచెట్టుకీ కొబ్బరిచెట్టుకీ తాడు కట్టి
చుట్టూ పాతచీరలు వేలాడదీశాను.
చిలకపచ్చ చీర మీద ఆ వంకాయరంగు తుంపర
ఇంకా అలాగే ఉంది, ఉతికినా పోలేదు.
కుడితలుపు మీద ఒక దోమ అంటుకుపోయింది.
తియ్యబోతే వద్దన్నాడు:
తీస్తే మచ్చ, ఉంచితే చుక్క.

ఇప్పుడు రేవులో ఆగితే కుర్రాళ్ళు చుట్టూ తిరుగుతారు,
ఏ షెడ్డులో కట్టించారండీ అని.
మా దొడ్లో అంటాడు. నమ్మరు.
నేను మాత్రం పెట్టెలు దింపేటప్పుడు
వేలి కణుపుతో తలుపుని తడతాను.
ఇనుము ఖంగుమంటుంది.
ఎడమవైపు, పిడి కింద, జానెడు మేర మాత్రం పలకదు.
అక్కడంతా లప్పమే.
అన్నం మాడిన వాసనొచ్చి
ఆ రోజు నా చెయ్యి జరిగింది అక్కడే,
ఆయన దెబ్బ ఖాళీలో పడింది.
పైన రంగు మాత్రం నున్నగానే ఉంది.