అడుగుకు పన్నెండు

ఇరవై రెండేండ్లు శకుని వేషం కట్టినా.
పెనుమూరు, ఐరాల, పూతలపట్టు,
యాడ ధర్మరాజుల తిరునాళ్లయితే ఆడ
పాచికలు నావే, ఎడమకాలి ఈడ్పు నాదే.
మద్దెల ఎత్తుకోకముందే
జనం నవ్వేసేవాళ్లు.

ఒకసారి వాద్యారు గోవిందస్వామిని అడిగినా:
"భారతంలో యాడుంది సామీ, శకునికి కుంటి?"
ఆయన వక్కాకు నమలతా కొంచేపు వెతికినాడు
నోటికొచ్చిన పద్దెనిమిది పర్వాల్లోనూ.
"లేదురా మునిరత్నం" అన్నాడు కడాకు,
"నువ్వొచ్చినాక వచ్చింది."

పోలియో నాకు రెండో ఏట వచ్చింది.
శకునికి నావల్ల వచ్చింది.

అర్జునుడు కడతానంటే తపసుమాను వంక చెయ్యి చూపించినారు.
ధర్మరాజంటే, ఆయన నడకే వేరు అన్నారు.
కృష్ణుడు పోయింది కాలికి బాణం తగిలే గదా అన్నా.
దానికి ఎవురూ బదులు చెప్పలా.

మొన్నటేడు పద్దెనిమిదో నాడు
దుర్యోధనుడు కట్టే చెంగల్రాయులుకి పచ్చకామెర్లు.
బయట మన్ను దుర్యోధనుడు
బయలంతా పరుచుకోని పండుకోనుండాడు.
లోపల కిరీటముంది, తల లేదు.
ఎప్పుడూ నా కాలి వంకే చూసే వాద్యారు
నా తల వంక చూసింది ఆ పొద్దే.

అరదళం పూసినారు, భుజకీర్తులు కట్టినారు.
చంకకర్ర తీసుకోని గద ఇచ్చినారు.
కర్రకన్నా బరువు తక్కువ, అంతే తేడా.

భీముడు తొడమీద కొట్టినాడు.
పడేది నాకు ఎవురూ నేర్పనక్కర్లేదు.
బస్సు మెట్లమీద, బడి వాకిట్లో, పెండ్లి పందిట్లో
నలభై ఏండ్లుగా సాధకం చేస్తానే ఉండా.
ఆ పొద్దు మాత్రం
ఎవురూ నవ్వలేదు.
అయ్యో పాపమని లేపేదానికీ రాలేదు.
ద్రౌపది జుట్టు ముడేసుకునేంత సేపూ
ఆ దుమ్ములో నన్ను నిమ్మళంగా పడి ఉండనిచ్చినారు.
ఇంతకన్నా పెద్ద మర్యాద నాకు యాడా జరగలా.

ఆనెంక చిత్తూరు టౌనుహాల్లో సన్మానం.
వైకల్యాన్ని జయించిన వీరుడని
మైకులో ఏందో చదవతా ఉండారు.
స్టేజీకి ఆరు మెట్లు, పట్టుకోను కమ్మీ లేదు.
ఇద్దరు పిలగాళ్లు చంకల్లో చేతులేసి ఎత్తబోతే
"దించండి నాయనా, ఉత్సవ విగ్రహాన్ని కాదు" అన్నా.
"శాలువా కిందికి పంపుతారో
చెక్క పలక పైకేస్తారో మీ ఇష్టం."
మైకు కుయ్యిమనింది.
శాలువా దిగొచ్చింది.
పలక రాలా.

అప్పట్నించీ అర్జీలు రాస్తా ఉండాం.
చూపులేని హార్మోనియం మునెప్ప వేలిముద్ర,
చెవులు వినపడని సుగుణ సంతకం.
ఆయమ్మి మద్దెల చేతుల్ని చూసి అడుగేస్తుంది,
తాళం తప్పేది చెవులున్నోళ్లే.
లెక్క గూడా నేర్చుకున్నా:
అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు.
మూడడుగుల స్టేజీకి ముప్పై ఆరు.

"అంత జాగా యాడిదబ్బా?" అన్నాడు ఇంజనీరు.
మూడడుగులని చెప్పి
లోకాలన్నీ కొలుచుకున్న సామిని
జాగా యాడిదని ఎవురన్నా అడిగినారా సార్?
నేను ముందే చెప్తా ఉండా గదా, ముప్పై ఆరే.
ఎవురి తలమీదా కాలు పెట్టను.
పెట్టలేను గూడా.

ఫైలు నడస్తా ఉండాదంట.
నాకన్నా మెల్లిగా.

ఈ ఏడు శకుని కొత్తోడు, ధనంజయ.
రెండు కాళ్లూ గట్టివి.
నిన్న రాత్రి రిహార్సల్లో
అచ్చం నా మాదిరే ఎడమకాలు ఈడుస్తా వచ్చినాడు,
మెచ్చుకుంటానని నా వంక చూసినాడు.
"తిన్నగా నడువు నాయనా" అన్నా,
"కపటముండేది కాల్లో కాదు."
సరే మామా అని మళ్లీ మొదులుకొచ్చి నడిచినాడు.
ఇంకా కొంచెం ఈడస్తానే ఉండాడు.