ఏడో గడి

పది గడుల కాయితం ఒకటి ఇచ్చిన్రు.
పర్యావరణ యాజమాన్య వ్యవస్థ అట,
ఆ పేరుకు నోరు తిరిగేసరికి నా చాయ చల్లారింది.
ఇరవై రెండేండ్లాయె కెమిస్ట్రీ ల్యాబ్‌ల అటెండర్‌ను,
బీకర్లు కడిగినోణ్ణి, బ్యూరెట్లు తుడిచినోణ్ణి.
ఇక్కడ సంతకం పెట్టు అనుడే గానీ
నువ్వు రాయి అని ఎవ్వరూ అనలే.

స్వరూప మేడం అన్నది:
"పారబోసేది నువ్వు సైదులూ, నువ్వే రాయాలె.
మాకు రంగు మారేదాకే తెలుసు,
తర్వాతది తెల్వదు."

మొదటి గడి, ఏం పని. రాసిన.
రెండోది, ఏం వాడుతరు. రాసిన.
హైడ్రోక్లోరిక్, డైక్రోమేట్,
నా పెండ్లికి ముందే నా అరచేతికి పసుపు పెట్టిన నైట్రిక్.
లీటర్లెన్ని, దినాలెన్ని, పిల్లలెందరు.
ఏడో గడి కాడ పెన్ను ఆగింది.
ఏడికి పోతది?

మా దిక్కు ఏడో అంటే
ఎక్కడనో అని గూడ.

సింకులకు పోతది.
ఆడినుంచి?
నల్లా తిప్పితే పోతది.
ఆడినుంచి?
ఇన్నేండ్లు నేను
"పోయింది" అంటే అదొక ఊరనుకున్న.

పైపు వెంట నడిచిన.
మిట్టమధ్యాహ్నం, నల్లగొండ ఎండ,
గుట్ట మీది బండ కండ్లల్లకు కొడుతున్నది.
నీళ్ల ప్లాంటు కాడ మారయ్య ఆపిండు.
"నాది గూడ రాసుకో తమ్మీ,
బిందెడు తాగే నీళ్లు దిగితే
రెండు బిందెలు మోరికి.
వడగట్టిన ఫ్లోరైడంత ఆ రెండిట్లనే.
మనం తాగొద్దని తీసింది
భూమికి తాపుతున్న."
నవ్విండు.
ఆయన పండ్ల మీద, నా పండ్ల మీద
ఒక్క తీరే గోధుమరంగు గీతలు,
ఒక్క బోరు కాడ చదువుకున్నోళ్లం.

ఆడపిల్లల హాస్టల్ ఎనక
గోడ పగిలిన కాడ పైపు ఒడిసింది.
అటు దిక్కు తడి,
తడి మీద జంగమ్మ పుంటికూర మడి.

మొన్న బతుకమ్మల ముంగట కట్ట కట్టి ఇచ్చింది,
పైసలు తీసుకోలే.
"ఎరువు ముట్టకుంటనే ఎట్ల లేస్తున్నదో సూడు" అన్నది.
పప్పుల ఏసిన్రు ఇంట్ల.
మా చిన్నది రెండుమాట్ల పెట్టించుకున్నది.

ఒచ్చి రాసిన, ఏడో గడిల:
జంగమ్మ మడికి.

రిజిస్ట్రార్ సారు అద్దాలు పైకి జరిపి సదివిండు.
"మనుషుల పేర్లు రాస్తరా గిట్ల?
తగిన నిర్గమ స్థానమునకు అని రాయి.
పై నెల తనిఖీకొస్తున్నరు."
తెల్ల ఇంకు సీస చేతుల పెట్టిండు.
అలవాటు కొద్ది తిప్పి చూసిన,
అయిపోయినంక ఆ సీసను ఏడ పారెయ్యాలెనో
దాని మీద గూడ లేదు.

మేడం ఏమీ అనలే.
తెల్ల ఇంకు ఆరకముందే ఆమె చేతుల
పాత కాయితం జిరాక్సులు రెండున్నయి.
ఒకటి బీరువల పెట్టి తాళమేసింది.
ఒకటి ల్యాబ్ తలుపుకు అంటించింది,
పిల్లలు లోపలికొస్తుంటే
కండ్లకు తగిలేంత ఎత్తుల.

వారానికి నీలం డ్రమ్ములొచ్చినయి, మూడు.
సింకుకు చెక్క మూత పెట్టిన.
ఏ దినం ఏం పోసిన్నో చాక్‌పీసుతోని రాస్తున్న.
రెండు నిండినయి.
కొండవోయే బండి ఇంకా టెండర్ల ఉన్నది.
మూడోది సగానికొచ్చింది,
రాత్రి ఇంట్ల పండుకుంటే గూడ
నాకది నిండుతున్న చప్పుడినొస్తది.

జంగమ్మకు చెప్పాలె.
నాలుగు దినాలు గోడ దాక పోయి మర్లొచ్చిన.
అయిదో దినం చెప్పిన,
"అక్కా, ఈ కూర తినకు."
కొడవలి పక్కకు పెట్టింది.
నన్ను తిట్టలే.
తిడితే మంచిగుండు.
"నేనేడ తిన్న సైదులూ,
నిన్న పొద్దుగాల్నే ముప్పై కట్టలు
అంగడికి పోయినయి గద."

కాయితం మీద పది గడులే ఉన్నయి.
పదకొండోది స్కేలు పెట్టి నేనే గీసిన.
దానికింక పేరు పెట్టలే.