లీకు లేదు

రాత్రి పదకొండింటికి ఫోను:
యూనివర్సిటీ వెనక, మూడో అంతస్తు, గ్యాసు కంపు.
మీటరూ టార్చీ జనపనార చుట్టా సంచిలో పడేసుకుని
వ్యాను తీశాను.

మా ఊరు వూచ్. మా భాషలో పడవ అని.
ఏటిని మాత్రం ఎప్పుడో నేల కిందికి తోసేశారు.
దాని మీద ఎర్ర ఇటుకల నేతమిల్లులు.
పడవ ఉంది, నీళ్ళే లేవంటాడు మా సూపర్వైజరు.
ముప్పై ఏళ్ళుగా అదే జోకు.

తలుపు తీసిన పిల్ల పేరు బోగ్నా.
ముల్లు కదల్లేదు. ముక్కు ఒప్పుకోలేదు.
"థయాల్," అంది తలొంచుకుని, "నాలుగు చుక్కలు ఒలికాయి."
థయాల్ నాకు తెలీదా!
గ్యాసుకి సొంత వాసన లేదు.
నిద్రలో జనం పోకుండా మేమే కలుపుతాం
ఆ కుళ్ళిన ఉల్లిపాయ చుట్టాన్ని.

నేల మీద బ్లీచు పోసింది. కిటికీలు తెరిచింది.
ఫిబ్రవరి లోపలికొచ్చింది.
ఇక నేను వెళ్ళాలి. వెళ్ళలేదు.

"దీంతో ఏం చేస్తావు?"
"జిగురు. కంటికి."
తెగిన కంటిపొరకి, తడి మీదే, కుట్లు లేకుండా.

కాగితం దొరకలేదు. గ్లవ్వు మీద గీసింది:
ఇదిగో ఆక్సిజన్, పీనాసి.
పక్కవాళ్ళ ఎలక్ట్రాన్లు తనవైపే గుంజుకుంటుంది.
జంటబంధం అవతలి కొసన కార్బన్‌కి ఆకలి.
థయాల్ వచ్చి తట్టేది పీనాసి గుమ్మం కాదు,
ఆ ఆకలి కొసని.

గుంజేది ఒకచోట, ఖాళీ అయ్యేది ఇంకోచోట.
ఇందులో నాకు కొత్తేముంది?
వాసన వంటింట్లో, చిల్లు మెట్ల కింద.
కొత్త కుర్రాళ్ళు వంటిల్లంతా తవ్విపోస్తారు.

"రెండూ కలిశాక ఏదీ బయటికి పోదు," అంది.
పొగ లేదు, మడ్డి లేదు.
తరుగు తియ్యని కంసాలి!
మా వీధిలో అలాంటివాణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు.

రెండు సిరంజీలు నొక్కింది బుడ్డిలోకి.
నాలుగు చేతుల అణువులట, అన్నిటికీ కొసల్లో కొక్కేలట.
నాకు కనిపించింది నీళ్ళే.
"లెక్కపెట్టండి."
పెట్టాను.
అడుగునుంచి ఒక బుడగ బయల్దేరింది.
ముప్పై ఒకటి, ముప్పై రెండు.
ముప్పై ఏడు దగ్గర
బుడగ దారి మధ్యలో ఆగిపోయింది.

బుడ్డిని తలకిందులు చేసింది.
ఏమీ కారలేదు.

మొన్నటిదాకా తొంభై దాటేదట.
కసాయి దగ్గర తెచ్చిన పందికళ్ళ మీద
పెచ్చులుగా ఊడేదట, పదకొండు నెలలు.
ఎవరికి చెప్పుకుంది, ఆ పదకొండు నెలలూ?
అడగలేదు. నా సంచిలో జనపనార చూసి
"అదెందుకు?" అంది.
గొట్టాల మరలకి చుట్టి, పేస్టు రాసి, బిగిస్తామన్నాను.
"ఎన్నాళ్ళుంటుంది?"
"మా నాన్న చుట్టినవి ఇంకా ఉన్నాయి."
ఆ పిల్ల మొహంలో అసూయ చూశాను, ఒట్టు.

రిపోర్టులో రాశాను: లీకు లేదు.
కారణం అన్న గడి చిన్నది.
జిగురు, అని రాసి కొట్టేశాను.
మళ్ళీ రాశాను.

తెల్లారి డ్యూటీ దిగి ట్రామెక్కాను.
నా చుట్టుపక్కల ముగ్గురు లేచి
వేరే సీట్లకి పోయారు.
ఒక పెద్దావిడ మాత్రం వచ్చి నా పక్కనే కూర్చుంది.
ఆవిడకి జలుబట.