సగంలో షట్టరు

చీపురు పక్కన పెట్టు సువార్తా,
ముందు చెవి పెట్టు.
దించుతుంటే గరగరమంటే ఇసక,
టకటకమంటే పట్టీ పక్కకి జరిగిందని.
ఏ చప్పుడూ లేకపోతే వచ్చి నాకు చెప్పు,
అది మరీ అనుమానం.

నిన్నటి దుమ్ముగాలి చూశావుగా,
ఫహాహీల్ మొత్తం పసుపు దంచిన గదిలా.
సముద్రం ఉందో పోయిందో తెలీలేదు.
ఆ దుమ్మంతా ఇప్పుడు
పెరటి గచ్చు వైపు ఈ గాజు తలుపు ముందు
ముప్ఫై ఆరు పట్టీల మీద కూర్చుంది,
పోయే ఉద్దేశం లేని చుట్టాల్లా.

పైపు తేకు.
నీళ్ళు తగిలితే అది అలుకుమట్టవుతుంది,
సందుల్లో బిగుస్తుంది.
ముందు పొడి బ్రష్షు, మెత్తనిది,
పైనుంచి కిందికి, చిక్కు తీస్తున్నట్టు.
తరవాత తడిగుడ్డ, గట్టిగా పిండి.
వెంటనే పొడిగుడ్డ.
ఈ ఉప్పుగాలికి కాస్త తడి దొరికితే చాలు
తెల్లారేసరికి తెల్లమచ్చ.
ఇక పక్కనున్న గాడి.
పాత టూత్‌బ్రష్షు పెట్టి లాగు.
చూడు ఎంతొచ్చిందో, గుప్పెడు!
చివర్లో ఈ సిలికాన్ డబ్బా, ఒక్క నొక్కు.

నూనె మాత్రం వద్దు. ఏ నూనే వద్దు.
నన్నడుగు చెబుతాను.

నేనొచ్చిన మొదటేడు షట్టరు మూలిగింది.
మా రాజోలు ఇంట్లో ఏది మూలిగినా ఒకటే మందు:
బావి గిలకకీ, కుట్టుమిషనుకీ,
మా అత్త మోకాలికీ
కొబ్బరినూనె.
చీరల మడతల్లో చుట్టి తెచ్చుకున్న సీసా
సగం వంపేశాను రెండు గాళ్ళలోనూ.
ఆ పూట పట్టుబట్టలా జారింది.
బదరియా మామా నా భుజం కూడా తట్టింది.

మర్నాడు బుధవారం, గాలి లేచింది.
నూనే ఇసకా కలిసి చలిమిడి ముద్ద.
షట్టరు సగంలో ఆగింది.
పైకి రాదు, కిందికి పోదు.
మిస్త్రీ ఆదివారం గానీ రానన్నాడు.

నాలుగు రోజులు, సువార్తా,
ఈ ఇంట్లో గచ్చు మీదికెళ్ళాలంటే
అందరూ వంగారు.
బాబా వంగాడు,
నెత్తి మీది నల్లతాడు జారి తొట్టి కిందికి దొర్లింది.
దావూదు ఎవర్నో ఫోన్లో కేకలేస్తూనే వంగాడు.
గురువారం రాత్రి విందుకొచ్చినవాళ్ళు
అత్తరు ఘుమఘుమలతో ఒకరి వెనక ఒకరు
వెళ్తూ వంగారు, వస్తూ వంగారు.
ఆరేళ్ళ షౌఖు పాపా నేనూ మాత్రం
నిటారుగా.

నాలుగడుగుల ఏడంగుళాలు.
బళ్ళో వరసలో ముందు నిలబెట్టిన ఎత్తు,
పెళ్ళిచూపుల్లో మూడుసార్లు వద్దన్న ఎత్తు.
టీ పళ్ళెం పట్టుకుని
తలెత్తుకుని నడిచాను ఆ షట్టరు కింద.
ఒక్క చుక్క తొణకలేదు.

జీతంలో ఐదు దీనార్లు కోశారు.
కోసుకోనీ.
కేరళ మిస్త్రీ వచ్చి గాడి కడిగి, నన్ను తిట్టి,
ఇప్పుడు నీకు చెప్పిందంతా చెప్పి పోయాడు.

ఇంకోటి.
గాలి లేస్తే పూర్తిగా దించు,
వదులుగా వేలాడితే పట్టీలు కొట్టుకుని వంకరపోతాయి.
జూలై ఎండకి మాత్రం మరీ బిగించి మూయకు,
గాజుకీ దానికీ మధ్య వేడి ఉడికిపోతుంది.
కింద రెండు వేళ్ళ సందు వదులు.
తాడు గుంజకు,
బిడ్డ చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు తియ్యి.

రాత్రి నేను దించేటప్పుడు
ఒకచోట ఆపుతాను.
పాడైందనుకుని పరిగెత్తుకు రాకు.
సరిగ్గా నా నెత్తి పైన,
ఒక్క ఊపిరిసేపు.
తరవాత దించేస్తాను.

నువ్వు పొడుగు.
నీది ఇంకెక్కడో ఆగుతుందేమో,
నీ సంగతి నువ్వు చూసుకో.

ఊఁ, పట్టు బ్రష్షు.
గూట్లో కొబ్బరినూనె ఉంది,
అది తలకే.