రాయి తగిలే లోతు

పొద్దున పదకొండుకే కరెంటు పోయింది.
క్లాక్ టవర్ వెనక సందులో, నా ఒంటిగది క్లినిక్‌లో
అల్ట్రాసౌండ్ మిషన్ గుయ్యిమని ఆగిపోయింది.
మంచం మీద బోర్లా పగిళ్ల లింగస్వామి,
మర్రిగూడ దిక్కు మనిషి, బోరుబండి మీద ఇరవై రెండేళ్లు.
మెడ తిరగదు.
ఎవరన్నా పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతాడు
ఇరుకు సందులో ట్రాక్టర్ తిప్పినట్టు.

"మిషన్ బందయిందా? మల్ల రేపు రావాల్నా మేడం?"
గొంతులో బస్సు కిరాయి వినపడింది.
పండుకోమన్నాను.
వెచ్చబడేదాకా అరచేతులు రుద్దుకున్నాను.

కాలేజీలో చేతుల గురించి ఒక్క పాఠం, చివర్లో.
మార్కులన్నీ మీటలకే.
నిరుడు హైదరాబాదులో ఆరు ఆదివారాలు
ఒకరి వీపు మీద ఒకరం నేర్చుకున్నాం.
ఒత్తడం మొదటి వారమే వచ్చేసింది,
ఎక్కడ ఆగాలో తెలియడానికే మిగతా అయిదూ.

బొటనవేలు దిగింది.
తోలు. దాని కింద కండ, తడిసి ఎండిన నులకలా.
"దుబ్బ అయిపోయింది" అన్నాడు తలగడలోంచి,
"ఇప్పుడు మొరం. జర్ర ఆగున్రి, రాయొస్తది."
నవ్వాను.
నిజంగానే వచ్చింది.

మూడొందల ఫీట్ల కింద ఏముందో
రాడ్డు వణుకుడుతోనే తెలిసేదట అతనికి.
అరచెయ్యి ఆనించి చెప్పేవాడట, నీళ్లా, దుమ్మా అని.
ఆ నీళ్లే తాగాడు. ఊరంతా తాగింది.
ఎక్స్‌రేలో వెన్నుపూసలు సున్నం కొట్టిన గోడ,
ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు.

ఆ తెలుపును నా చెయ్యి కరిగించలేదు.
అబద్ధం చెప్పలేదు నేను. అతనూ అడగలేదు.
రాయికీ రాయికీ నడుమ ఇంకా కొంచెం మొరం మిగిలుంది.
అక్కడే, అతను ఊపిరి వదిలినప్పుడల్లా
జొన్నగింజంత దూరం పోయాను,
వెనక్కొచ్చాను, మళ్లీ పోయాను.
నలభై నిమిషాలు.
మిషనైతే ఎనిమిదికే కూత పెట్టేది,
ఈలోగా ఇంకో ముగ్గురిని చూసేదాన్ని.
బయట బెంచీ మీద ఆ ముగ్గురూ
నాకు వినపడేట్టు దగ్గుతున్నారు.

లేచి కూర్చున్నాడు.
భుజాలు కదలకుండా, మెల్లగా, ఎడమకి
నాలుగు వేళ్ల మందం.
గోడ మీద ఏదో చూశాడు.

"క్యాలెండర్ ఇంకా ఆగస్టు కాడ్నే ఉంది మేడం.
బతుకమ్మ పోయి వారమాయె."