నలభై చెంబులు

"రెండు గంటలే," అన్నాడు గైడు ఖైరీ,
"మీ వాన్ డ్రైవరుకి ఇసుకగాలి భయం."

ఎండని చెప్పుల్లా బయటే విడిచి
గదామిస్ సందుల్లోకి దిగాం.
పట్టపగలే చీకటి. తలమీద ఇళ్ళు
ఒకదానికొకటి ఆనుకుని కునుకు తీస్తున్నాయి.
ఎక్కడో ఓ చోట కప్పుకి బొక్క,
రూపాయంత ఆకాశం.

"కింద దారులు మగవాళ్ళవి, మిద్దెలు ఆడవాళ్ళవి.
మా మేనత్త మబ్రూకా ఊరంతా తిరిగొచ్చేది,
ఒక్కసారీ నేల తొక్కకుండా."

సంత గోడలో ఒక గూడు. ఖాళీ.
అక్కడ కూర్చునేవాడట వాళ్ళ తాత.
అడుగున చిల్లున్న రాగిచెంబు
నింపటం, కారనివ్వటం, ఖర్జూరపాకుకి ఒక ముడి.
గంటకి ఇరవై.
ఇన్ని ముడుల నీళ్ళు ఒకడి తోటకి, ఇన్ని ఇంకొకడికి.
రాత్రిళ్ళు కూడా. కళ్ళు మూతపడితే
పక్కవాడు గిల్లాలి.
"ఇప్పుడు మోటారు," అని ఊరుకున్నాడు.

ఒక తలుపు నిండా మేకులు కొట్టిన తోలుముక్కలు.
మక్కా వెళ్ళొచ్చిన ఇల్లు.
ఖైరీ తాళంచెవి తీశాడు, తిప్పలేదు.
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు
చెక్కకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.
వాళ్ళుండేది కొత్త కాలనీలో. సిమెంటు, ఏసీ.
కరెంటు పోయే ఆగస్టులో మాత్రం
చాపలు చంకన పెట్టుకుని అందరూ ఇక్కడికే.

హారన్ మోగింది.
ఇచ్చిన డబ్బు లెక్కపెట్టలేదు.
జేబులోంచి ఆకు తీసి నా చేతిలో పెట్టాడు.
నడుస్తూ నడుస్తూ ఎప్పుడు వేశాడో!

వాన్‌లో వేళ్ళతో తడుముకున్నాను.
ముప్ఫై ఏడు ముడులు.

తలుపు దగ్గర నిలబడ్డ సేపు
లెక్కలో లేదు.