పదిహేను మిల్లీమీటర్లు

న్యూలిన్ రేవు మీద వాన సన్నగా, అడ్డంగా పడుతోంది.
వ్యాన్ వెనక నుంచి అయిదు రెక్కలనూ
ఒక్కొక్కటిగా దింపాం, నేనూ జాగో.
పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకోరా అంటాను.
వాడికి పంతొమ్మిదేళ్ళు,
ఏ పసిబిడ్డనీ ఎత్తుకున్న పాపాన పోలేదు.

వంటింటి వెనక గోడ పడగొట్టి రెండు వారాలు.
దాని బదులు కట్టిన నీలి టార్పాలిన్
రాత్రంతా చప్పట్లు కొడుతోందట.
"కంటి మీద కునుకు లేదు" అంది లవ్‌డే, టీ అందిస్తూ.
డెన్జిల్ ఏమీ అనలేదు.
చక్రాల కుర్చీలోంచి నా కొలత టేపునే చూస్తున్నాడు,
ముప్పయ్యేళ్ళు వలలు లాగిన చేతులు ఒళ్ళో పెట్టుకుని.
పడవ మీద ఇనప తాడు తెగిన రోజు నుంచీ
కాళ్ళు అతనితో మాట్లాడటం లేదు.

నా పాఠం నాకు కంఠతా వచ్చు.
అల్యూమినియం తుప్పు పట్టదు, చెక్కలా ఉబ్బదు,
రంగు పొడిగా చల్లి కొలిమిలో కాల్చింది,
ఉప్పుగాలికి పొలుసులూడదు...
అతను అడిగింది ఒక్కటే:
"చలి?"

చట్రం అడ్డంగా కోసిన ముక్క ఒకటి అతని అరచేతిలో పెట్టాను.
బయటి లోహం. లోపలి లోహం.
రెండూ ఎక్కడా తాకవు.
నడుమ నల్లటి ప్లాస్టిక్ పట్టీ,
కబుర్లు మొయ్యనని ఒట్టేసుకున్న మధ్యవర్తి.
అవతల మంచు ఎంత మొత్తుకున్నా
ఇవతలి చెవిన పడదు.
"మీ అమ్మకీ నాకూ మధ్య నువ్వే" అంది లవ్‌డే.
అతని మీసం కొంచెం కదిలింది.

ఈ ఊళ్ళో ఏ ఇల్లూ నిటారుగా ఉండదు.
నేల ఒక మూల దిగుతుంది, దూలం మధ్యలో కుంగుతుంది,
కింద పట్టాకి మాత్రం అబద్ధం తెలియకూడదు.
పట్టాలో నీళ్ళు పోయే కన్నాలు చూసి
"స్కప్పర్లు" అన్నాడు డెన్జిల్.
పడవ డెక్కు మీద కూడా ఇవే.
చల్లారిన టీ పట్టాలో ఒంపి
అది తోట వైపు జారిపోయేదాకా వంగి చూశాడు.

సాయంత్రం అయిదింటికి రెక్కలు తగిలించాం.
చేతులు దులుపుకున్నాం.
ఎవరూ తోయకుండానే
ఒక రెక్క నెమ్మదిగా కదిలి, సగం మడిచి ఆగింది.
"ఇల్లు ఎడమకి ఒరిగింది" అన్నాడు డెన్జిల్.
లెవెల్ పెట్టాను.
మూడు మిల్లీమీటర్లు.
జాగో చెవులు ఎర్రబడ్డాయి, ప్యాకర్లు పెట్టింది వాడే.
సరిచూడాల్సింది నేను.
అన్నీ విప్పాం.
ఆ రాత్రి కూడా టార్పాలిన్ చప్పట్లు కొట్టింది.

మర్నాడు మధ్యాహ్నం
నాలుగు రెక్కలు కుచ్చిళ్ళు పెట్టినట్టు
గోడ పక్కకి సర్దుకున్నాయి.
రోజూ వాడుకోవడానికి అయిదోది విడిగా, మామూలు తలుపులా.
గడప అనేది లేదు. నేలకీ పట్టాకీ తేడా
పదిహేను మిల్లీమీటర్లు, చిటికెన వేలంత,
దానికీ ఏటవాలు పట్టీ.

ముందు చక్రాలు ఎక్కాయి.
పట్టా మీద ఆగాడు, సగం ఇల్లు, సగం వాన.
మేం ముగ్గురం ఏదో సర్దుతున్నట్టు నటించాం.
వెనక చక్రాలు కూడా దాటాయి.
తిరక్కుండానే అన్నాడు:
"వేసెయ్. తాళం కూడా."

లవ్‌డే నా వైపు చూసింది.
నేను రెక్కలు లాగాను.
హ్యాండిల్ పైకెత్తితే ఎనిమిది చోట్ల ఒకేసారి
కొక్కేలు టక్కుమన్నాయి.
వాన శబ్దం ఆగిపోయింది.
రెండు పొరల అద్దం అవతల
మూగవాడిలా తడుస్తూ, కొళాయి దగ్గరికీ,
ఎండిన రోజా తీగ దగ్గరికీ,
కూలిన కోళ్ళగూడు దగ్గరికీ తిరిగి
ఏ తొందరా లేనట్టు వెనక్కొచ్చాడు.

పద్నాలుగు నెలల తర్వాత
బయటి నుంచి తలుపు తట్టాడు.

లవ్‌డే చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంది.
అద్దంలోంచి మనిషంతా కనబడుతూనే ఉన్నాడు.
అయినా అడిగింది,
"ఎవరది?"